బాపట్ల సత్యభామ

పాత పాటలయందు మక్కువగల వారి నెవరినైనను, "మీరజాలగలడా యను పాట యెవరిది?" అని అడిగి చూడుడు. పి. సుశీల పాడినదనియు, జమున అభినయించినదనియు వెంటనే చెప్పుదురు. 1966వ సంవత్సరమున వెలువడిన శ్రీకృష్ణ తులాభారము చలనచిత్రమును బట్టి వారు చెప్పినది సత్యమే. కాని ఆ పాట ఆ చిత్రమునకు ఎంతో కాలము ముందే పుట్టినది. దానిని కూర్చినవాడును, సత్యభామయై రంగస్థలముపై పాడి ప్రేక్షకులను మురిపించినవాడును ఒక పురుషుడు. ఆయన బాపట్లవాడు. పేరు స్థానం నరసింహారావు.

ఈ సంగతి మొదటిసారి విన్న యువకులు కొందరు నవ్వుదురు. వృద్ధులు కొందరు నిట్టూర్చి, "ఆ రోజులే వేరు" అందురు. నవ్వుటయు, నిట్టూర్చుటయు రెండును సులభమే. కాని మీసము గొరిగించుకొని చీర కట్టిన యా పురుషుని వెనుక మన సంఘచరిత్ర కొంత దాగియున్నది. దానిని బయటికి తీసి చూచుటయే యీ వ్యాసమున నా యుద్దేశము.

నరసింహారావుగారు 1902వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన బాపట్లలో జన్మించిరి. అప్పటికి గుంటూరు జిల్లాయే లేదు. అది 1904లో ఏర్పడినది. 1920లో బాపట్లయందు హరిశ్చంద్ర నాటకము జరుగవలసియుండగా, చంద్రమతి వేషధారి రాలేదు. ఆటను ఆపలేక, ఈ యువకునికి ఆ వేషము కట్టిరి. ఒక రాత్రి అవసరము తీర్చుటకు కట్టిన చీర నలువది యేండ్ల వృత్తియైనది. తరువాత ఆయన తెనాలిలోని శ్రీరామ విలాస సభయందు చేరి, తెలుగు రంగస్థలమున స్త్రీపాత్రలకు ప్రమాణమని అందరిచేత అనిపించుకొనిరి.

ఆ కాలమును ఒకసారి తలచుకొనవలెను. ప్రత్తిచేలును, మిరపతోటలును పరచుకొనిన యీ మైదానమున రైతుజనులకు అప్పుడు మాటలాడు చిత్రము లేదు, రేడియో లేదు. కల్లములు ముగిసి, పంట అమ్మి, చేతిలో నాలుగు రూకలు ఆడిన దినములలో నాటకమే వారికి పెద్ద పండుగ. ఎడ్లబండ్లు కట్టుకొని పొరుగూళ్లకు పోయి, తెల్లవారువరకు చూచి వచ్చువారు. హార్మోనియము శ్రుతి పట్టగా నటుడు తన కంఠబలముతోనే చివరి వరుసవరకు వినిపింపవలెను. పద్యము రుచించినచో జనులు "వన్స్‌మోర్" అని కేకవేయుదురు. యుద్ధమున మరణించిన వీరుడైనను లేచి ఆ పద్యమును మరల పాడి, మరల మరణింపవలసినదే! ఇట్టి రసికులయెదుట పురుషుడు స్త్రీయై నిలిచి, నవ్వు పాలుగాక, రాత్రియంతయు నెగ్గుకొని వచ్చుట సామాన్యము కాదు.

స్థానంవారి ప్రతిభ గొంతు సన్నము చేయుటలో లేదు. చీర కట్టిన ప్రతివాడును ఒకే విధముగ వయ్యారము పోవుట వేషగాండ్రకు అలవాటు. వీరు ఆ తేలికదారి త్రొక్కలేదు. ముత్తరాజు సుబ్బారావు రచించిన శ్రీకృష్ణ తులాభారములోని సత్యభామ భర్త తన మాట దాటడను ధీమాగల పట్టపురాణి. సారంగధర కథలోని చిత్రాంగి సవతికొడుకును మోహించి, నిరాకరింపబడి, పగబట్టిన స్త్రీ. గురజాడవారి మధురవాణి లోకమును చదివిన వేశ్య. విప్రనారాయణ చరిత్రలోని దేవదేవి పంతమునకు మొదలుపెట్టి ప్రేమకు లొంగిన వేశ్య. కొప్పరపు సుబ్బారావు నాటకములోని రోషనార మొగలు రాజపుత్రిక. ఈ అయిదుగురికిని నడక ఒకటి కాదు, చీరకట్టు ఒకటి కాదు, కోపమును ఒకటి కాదు. పాత్రయొక్క కులమును, వయస్సును, మనస్సును ఆలోచించి, దానికి తగిన వేషమును, చూపును ఏర్పరచుకొనుట ఆయన పద్ధతి.

ఇది తెలుగువారికి మాత్రమే చెల్లిన వింత యనుకొనరాదు. ఇంగ్లండునందు 1660కి ముందు స్త్రీలు నాటకశాలలో వృత్తిగా నటించుట లేదు; షేక్స్పియరు నాయికలను మొదట ఆడినవారు బాలురు. జపానునందు కబుకి యను నాట్యమును ప్రారంభించినది ఒక స్త్రీయేయైనను, 1629లో ప్రభుత్వము స్త్రీలను ఆ రంగమునుండి తొలగించెను. నాటినుండి పురుషులు ఆ పాత్రలను తరతరములుగ ఒక విద్యగా అభ్యసించిరి. మహారాష్ట్రమున బాలగంధర్వుడు కట్టిన చీరలను చూచి గృహిణులు తమ కట్టు దిద్దుకొనిరి. గుజరాతున జయశంకర్ అను నటుడు సుందరి యను పాత్రను ధరించి, ఆ పేరే తన యింటిపేరుగ చేసికొనెను. కృష్ణానది కావలియొడ్డున కూచిపూడిలో భామాకలాపము పురుషులదే. అచ్చటి వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా దేశమంతట కీర్తి గడించిరి.

ఇన్ని దేశములలో ఇట్లు జరిగినదని చెప్పినంతమాత్రమున కారణము చెప్పినట్లు కాదు. మన రంగస్థలమున స్త్రీ యేల లేకపోయెను? ఆమెకు ఆడుట పాడుట రాక కాదు. తెలుగునాట సంగీతమును, అభినయమును తరములుగ కాపాడినవారిలో కలావంతుల స్త్రీలు ముఖ్యులు. కాని సభలో పాడిన స్త్రీకి సంసారములో చోటు లేదని సంఘము గీత గీసినది. సంసారస్త్రీ రంగమెక్కినచో ఆమె మర్యాద పోవును. రంగముపై నున్న స్త్రీకి మర్యాద యేనాడును లేదు. వీరేశలింగం పంతులుగారు మొదలైన సంస్కర్తలు భోగపుమేళములను ఖండించినప్పుడు వారి యుద్దేశము మంచిదే. స్త్రీని వస్తువుగా చూచు పాడు ఆచారము పోవలెనని వారు కోరిరి. దేవాలయములకు స్త్రీలను అంకితము చేయుటను నిషేధించుచు 1947లో మద్రాసు రాష్ట్రమున శాసనమును వచ్చినది. అయితే ఆ దురాచారముతోపాటు ఆ స్త్రీల విద్యకు గల వేదికయు కూలినది. దానికి మారుగా గౌరవమైన మరియొక వేదికను వెంటనే కట్టియిచ్చినవారు అరుదు.

ఇందులోని విపరీతమును గమనింపుడు. మధురవాణియు, దేవదేవియు వేశ్యలు. పురుషుడు ఆ వేషము ధరించినచో సభ కరతాళధ్వనులతో మారుమ్రోగినది. ఆ కులమున బుట్టిన స్త్రీయే వచ్చి అదే పాట పాడినచో, అదే పెద్దమనిషి ముఖము త్రిప్పుకొనెను. పాత్రకు గౌరవము, మనిషికి అవమానము!

స్త్రీలు నటించినచో నాటకములు చెడుననుట వట్టి భయమని అప్పుడే ఋజువైనది. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో పుట్టిన నాటకసమాజము కుటుంబములతో కూడినది. అందు తల్లులు, కోడండ్రు, కూతుండ్రు స్త్రీపాత్రలు ధరించిరి. పిల్లలు తెరవెనుక ఉయ్యాలలో పెరిగిరి. ఆ సమాజమునకు మూలపురుషుడైన వనారస గోవిందరావు పూనికతో 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తు స్థాపింపబడినది ఎచ్చటననుకొంటిరి? స్థానంవారి తెనాలిలోనే! స్త్రీని రంగమెక్కించిన సంప్రదాయమును, స్త్రీవేషమును శిఖరమునకు చేర్చిన సంప్రదాయమును ఒక్క ఊరియందే కలిసికొన్నవి. 1932లో తొలి తెలుగు మాటల చిత్రము భక్తప్రహ్లాద వచ్చినప్పుడు లీలావతిగా కనిపించినది సురభి కమలాబాయియే. నాటకమున పది బారల దూరమునుండి చూచు కన్నును మరపింపవచ్చును. కెమెరా ముఖమునకు జానెడు దూరమునకు వచ్చును. వేషము పని అక్కడితో తగ్గినది.

ఇక నన్ను ఎక్కువగ కలతపెట్టు విషయము వేరొకటి గలదు. ఆ నాటకములు చూచుటకు స్త్రీలును వచ్చువారు. వారికి వేరుగ త్రాడు కట్టియో, తడిక కట్టియో చోటిచ్చువారు. ఆ తడికచాటున కూర్చున్న మన తాతమ్మలు, తమ అలుకను, తమ నడకను, తమ గాజుల సవ్వడిని ఒక పురుషుడు చూపించుచుండగా చూచిరి. ఆయన ఎంత చక్కగ చూపినను, ఆ రంగముపై కెక్కి, "కాదు, మా అలుక ఇట్లుండును" అని చెప్పు అధికారము వారిలో ఒక్కతెకును లేదు. తెనాలికి గంట రైలుప్రయాణము దూరమున, గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో స్త్రీవిద్యకై శారదానికేతనమును స్థాపించిరి. ఒకచోట స్త్రీకి పలక యిచ్చుచున్నారు. మరియొకచోట ఆమె మాటను ఆమెకు బదులుగ పురుషుడు పలుకుచున్నాడు. రెండును ఒక్క జిల్లాలో, ఒక్క కాలమున జరిగినవి.

అట్లని స్థానంవారిని తక్కువ చేయుట న్యాయము కాదు. నిషేధమును చేసినది ఆయన కాదు. సంఘము మూసివేసిన తలుపుయొద్ద నిలిచి, లోపలివారి హృదయమును ఊహతో తెలిసికొనుటకు ఆయన జీవితమంతయు ప్రయత్నించిరి. పరస్త్రీని చూచి వర్ణించుట కవులకు అలవాటే. ఆమెయై నిలిచి ఆమె దుఃఖమును తనదిగ అనుభవించుట పురుషులకు అరుదైన చదువు. 1956లో భారతప్రభుత్వము ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించినది. 1971లో ఆయన కన్నుమూసిరి.

గతమును తలచుకొనుటకు రెండు మార్గములు గలవు. వింతలను ఏరి, నవ్వి, మరచుట ఒకటి. ఆ వింతకు మూల్యము ఎవరు చెల్లించిరని అడుగుట రెండవది. మొదటిది కాలక్షేపము; రెండవది చరిత్ర. నేడు ఆడపిల్లలు కూచిపూడి నేర్చి తామే సత్యభామలై నిలుచుచున్నారు. ఈసారి మీ యింట ఆ పాట వినబడినప్పుడు, దానిని కూర్చి పాడిన బాపట్ల నటునికి నమస్కరింపుడు. పిమ్మట, ఆ రాత్రి తడికచాటున కూర్చుండి, తనకును పాట వచ్చియుండియు, నోరు మెదపక యింటికి మరలిన పేరు తెలియని తల్లికిని నమస్కరింపుడు.