పక్షవాతానికి వైద్యం, డెల్టాకు దారి

మెదడు రక్తనాళంలో ఉబ్బిన బుడగలోకి ప్లాటినం తీగచుట్టను పంపి, స్వల్ప విద్యుత్తుతో దాన్ని అక్కడే విడిచిపెట్టే పద్ధతిని 1990లో లాస్ ఏంజెలెస్‌లో గుగ్లియెల్మి అనే వైద్యుడు మొదలుపెట్టాడు. గజ్జల్లోని ధమని గుండా వెళ్లి మెదడులోని నెత్తుటి గడ్డను లాగేసే చికిత్సకు గట్టి రుజువులు 2015లో వచ్చాయి. అయినా కృష్ణా డెల్టాలో ఈ వైద్యం చరిత్రను పరికరాలతో కన్నా ప్రయాణంతో కొలవడమే సబబు. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం విజయవాడకు వచ్చింది, సరే. దివిసీమలో మూతి వంకరపోయిన మనిషికి మాత్రం 2005లో హైదరాబాద్‌లో మొదలై పల్లెలకు పాకిన 108 బండే ముందు కావాలి.

2018 నుంచి గడ్డ తీసే గడువు 24 గంటలకు పెరిగింది, ఇంకా తొందరెందుకని అడగొచ్చు. ఆ వెసులుబాటు అందరికీ కాదు; స్కానులో కాపాడదగ్గ మెదడు ఇంకా మిగిలి ఉన్నవారికే. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు మామూలు గడువు నాలుగున్నర గంటలే. పసరు మందంటూ ఒక పూట తిరిగితే అది కాస్తా దాటిపోతుంది.