యుద్ధం తరిమిన పిల్లలు – బడి గడప

రాజపాళయం వీధులలో నడిచేవారికి రెండు భాషలు వినిపిస్తాయి. ఇంట్లో తెలుగు, అంగడిలోనూ బడిలోనూ తమిళం. విజయనగర కాలంలో దండుల వెంట దక్షిణానికి వచ్చామని చెప్పుకునే ఇక్కడి రాజులు తరతరాలుగా మాటను నిలుపుకున్నారు. 1949 నుంచి 1952 వరకు ఉమ్మడి మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివారే. అయినా తెలుగు మాట్లాడేవారిలో చాలామందికి తెలుగు లిపి రాదు. బడిలో లేని అక్షరం ఇంట్లో నిలవలేదు. ఈ సంగతిని మనసులో ఉంచుకొని, యుద్ధం వల్ల, దాని వెంట వచ్చిన కల్లోలాల వల్ల ఊరు విడిచిన పిల్లల చదువును మేము ఇక్కడ కొంత పరిశీలించదలిచాము.

తెలుగువారికి సంబంధించినంతవరకు ఈ కథ బర్మాతో మొదలవుతుంది. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి కూలీలుగా, కళాసీలుగా రంగూను వెళ్లినవారిని అక్కడ కోరంగీలనేవారు. కోరంగి రేవు పేరే జాతి పేరయింది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో తెలుగువారు లక్షన్నరకు పైగా ఉన్నారు. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం జపాను వశమైంది. ఓడలలో చోటు దొరకని లక్షలాది భారతీయులు అరకాను మీదుగా చిట్టగాంగుకు, తమూ మీదుగా మణిపురానికి, హుకాంగు లోయ గుండా అస్సాముకు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి వారిలో వేలమందిని దారిలోనే పొట్టన పెట్టుకున్నాయి. తల్లిదండ్రులను పోగొట్టుకొని చేరిన పిల్లలూ ఉన్నారు.

వారు చేరుకోదలచిన తీరమూ అప్పుడు ప్రశాంతంగా లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై కూడా బాంబులు పడ్డాయి. సొంత ఊరు చేరిన పిల్లవాడికి బడి భాష కొత్తది కాదు. కాని రంగూను నుంచి వచ్చే సొమ్ముతో నడిచిన ఇంటికి ఆ సొమ్ము ఆగిపోయింది. అలాంటి ఇంట్లో బడి ఈడు పిల్లవాడు పనికి పోవలసిన చేయి కూడా.

రెండవ రాక వేరు. 1962 మార్చి 2న నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. దుకాణాలు జాతీయమయ్యాయి. 1964 మే నెలలో యాభై, నూరు చాట్ల నోట్లు చెల్లకుండా పోయాయి. భారతీయులు చేతిలో పెద్దగా ఏమీ లేకుండా ఓడలెక్కి మద్రాసుకు, విశాఖపట్నానికి వచ్చారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు. వీరి పిల్లలలో బర్మాలోనే పుట్టి, బర్మీయ భాషలో చదివినవారున్నారు. వారికి తెలుగు రాజపాళయం పిల్లలకు వచ్చినట్టే వచ్చు; చెవికి, నోటికి వచ్చు, చేతికి రాదు. అక్షరం రాని పన్నెండేళ్ల పిల్లవాణ్ణి ఏ తరగతిలో కూర్చోబెట్టాలి? లెక్కలు వచ్చినా ఒకటో తరగతిలోనేనా? కాందిశీకులకు అప్పు ఇవ్వడానికి 1969లో మద్రాసులో రెప్కో బ్యాంకు ఏర్పడింది. పెద్దవాళ్ల బతుకుతెరువుకు ఆ దారి దొరికింది. పిల్లవాడి తరగతి ప్రశ్న అప్పుతో తీరేది కాదు.

మూడవ ఉదాహరణ రాజపాళయం ఉన్న విరుదునగర్ జిల్లాలోనే ఉంది. 1983 జులై అల్లర్ల తరువాత 1987 వరకు శ్రీలంక నుంచి లక్షా ముప్పై వేలకు పైగా తమిళులు తమిళనాడు చేరారు. తరువాతా విడతలుగా వచ్చారు. ఈ జిల్లాలో కుల్లూర్‌సందై, మల్లాంకిణరు వంటి చోట్ల శిబిరాలు వెలిశాయి. ఈ పిల్లలకు బడి భాష తమ భాషే. ప్రభుత్వ పాఠశాలల్లో చోటు, మధ్యాహ్న భోజనం దొరికాయి. ఎస్.సి. చంద్రహాసన్ 1984లో స్థాపించిన శరణార్థుల సంస్థ శిబిరాలలో సాయంత్రపు తరగతులు నడిపింది. అయితే 1991లో రాజీవ్ గాంధీ హత్య తరువాత వీరి చదువుపై ఆంక్షలు వచ్చాయి. అవి సడలడానికి కొన్నేళ్లు పట్టింది. హత్యతో ఏ సంబంధమూ లేని పిల్లలు ఆ ఏళ్లను పోగొట్టుకున్నారు. డిగ్రీ పుచ్చుకొన్నవారికి కూడా పౌరసత్వం లేక ప్రభుత్వోద్యోగం అందలేదు. 2009 మేలో యుద్ధం ముగిసినా వేలమంది ఇక్కడే ఉండిపోయారు. 2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం శిబిరాల పేరు నుంచి 'శరణార్థి' అన్న మాటను తీసివేసి పునరావాస శిబిరాలన్నది. పేరు మారింది గాని పౌరసత్వం ప్రశ్న దానితో తీరలేదు.

ఈ మూడింటినీ కలిపి చూస్తే మాకు తోచేది ఇది. 1942లో పిల్లవాడికి భాష ఉంది, ఇంటికి ఆధారం లేదు. 1964లో వచ్చినవాడికి దేశం ఉంది, లిపి లేదు. 1983 తరువాత వచ్చినవాడికి భాషా బడీ రెండూ ఉన్నాయి, పౌరసత్వపు కాగితం లేదు. ఏ ఒక్కటి కొరవడినా చదువు మధ్యలో ఆగుతుంది, లేదా పూర్తయినా పనికి రాదు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల లోపు ప్రతి బిడ్డకూ చదువు హక్కని 2009 చట్టం చెబుతున్నది. ఆలస్యంగా బడిలో చేరిన బిడ్డకు పద్నాలుగు దాటినా ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు ఆ హక్కు ఉంటుంది; ఆ తరువాత ఏమిటన్నదానికి ఆ చట్టంలో జవాబు లేదు.

బర్మా నుంచి పిల్లలుగా వచ్చినవారిలో కొందరు ఇప్పటికీ మన మధ్య ఉన్నారు, వృద్ధులయ్యారు. ఏ తరగతిలో చేరారు, ఎప్పుడు మానేశారు, తెలుగు అక్షరాలు ఎవరు దిద్దించారు అన్నవి వారినే అడిగి రాసిపెట్టవలసిన పని తెలుగు శాఖలది. ఆ పనికి ఇక ఎక్కువ వ్యవధి లేదు.