గ్రీకువిద్యయు బాలికలును

ప్రాచీన గ్రీసుదేశపుఁ జరిత్రమును ఉన్నత పాఠశాలలలో నేల బోధింపవలెనని యడిగినచో, ప్రజాప్రభుత్వమును, తత్త్వవిచారమును, నాటకమును అచ్చట వర్ధిల్లినవని చెప్పుదురు. ఇది నిజమే. కాని యొక విద్య యెంత గొప్పదో విచారించునప్పుడు అది యెవరికి లభించెనో కూడ విచారింపవలెనని మేము తలఁచుచున్నాము. ఇంగ్లండుదేశపు ననుభవము ఇందుకు నిదర్శనము.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ దేశపుఁ బేరుగాంచిన బాలుర పాఠశాలలలో లాటిను, గ్రీకుభాషలే విద్యకు మూలస్తంభములు. ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములలోఁ బట్టము గోరువాఁడు గ్రీకునందుఁ బరీక్ష నిచ్చి తీరవలెను. బాలికలకో, సంగీతము, చిత్రలేఖనము, కొంచెము ఫ్రెంచిభాషయుఁ జాలునని పెద్దలు తలఁచిరి. 1868లో నివేదిక నొసఁగిన టాంటను విచారణసంఘము బాలికల చదువునకుఁ దగిన పునాది లేదని తెలిపెను. నేర్పకుండుట పెద్దలది, నేర్వలేరను నపకీర్తి బాలికలది!

ఎమిలీ డేవిసు తన మిత్రులతోఁ గలసి 1869లో హిచిను పట్టణమున స్త్రీలకొక కళాశాలను స్థాపించెను. అదియే తరువాత గర్టను కళాశాల యయ్యెను. స్త్రీలకు వేఱు పరీక్షలు చాలునని స్త్రీవిద్యాభిమానులలోనే కొందఱు వాదించిరి. ఆమె సమ్మతింపలేదు. పురుషులు వ్రాయు పరీక్షనే గ్రీకుతోఁ గూడఁ దన విద్యార్థినులును వ్రాయవలెననెను. బాల్యమున ఆ భాషను జదువనివారికి ఇది యెంత కష్టమో వేఱుగఁ జెప్పనక్కఱలేదు. సులభమైన పరీక్షకు లోకము తక్కువ వెలయే కట్టునని ఆమె యెఱుఁగును.

1887లో కేంబ్రిడ్జి ప్రాచీనభాషల పరీక్షయందు ప్రథమశ్రేణిలోని ప్రథమవిభాగమున నిలిచినది గర్టను విద్యార్థిని ఆగ్నటా రామ్సే యొక్కతెయే. ఆ యేఁట పురుషుఁడొక్కఁడును ఆ స్థానము నందుకొనలేదు. అయినను ఆమెకుఁ బట్టము లేదు. ఆ విశ్వవిద్యాలయము స్త్రీలకుఁ బూర్ణపట్టముల నొసఁగుట 1948లోఁ గాని యారంభింపలేదు. ఆగ్నటా 1931లోనే గతించెను.

నిర్బంధ గ్రీకుపరీక్షను కేంబ్రిడ్జి 1919లోను, ఆక్సుఫర్డు 1920లోను దొలఁగించినవి. నేఁడచ్చటి ఉన్నత పాఠశాలలలో గ్రీకుభాష రాని బాలబాలికలు సైతము అనువాదముల మూలమున ఆ ప్రాచీనలోకమును జదువుకొనఁగలుగుచున్నారు. ఇది మేలైన మార్పు. అయితే ఏథెన్సు ప్రజాసభయందు స్త్రీలకుఁ గాని, బానిసలకుఁ గాని చోటు లేకుండెనను సంగతిని వారికి దాఁచరాదు. ఆ నగరపు ఘనతను, కొఱఁతను నొక్క పాఠముగఁ జదివిన బాలిక, తన యెదుట నింకను మూయఁబడియున్న తలుపులు ఎవరు మూసిరో యడుగ నేర్చును. అట్లడుగ నేర్పని చరిత్రపాఠము సంవత్సరముల పట్టికయే యగును.