కైట్ (కేరళ)

కైట్ కేరళ విద్యాశాఖ పరిధిలోని ప్రభుత్వ సంస్థ. పూర్తి పేరు కేరళ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అండ్ టెక్నాలజీ ఫర్ ఎడ్యుకేషన్. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో కంప్యూటర్ సాయంతో పాఠం చెప్పేందుకు ఉపాధ్యాయులకు అండగా ఉండడం దీని పని. అంతరిక్ష శాస్త్రవేత్త యు.ఆర్.రావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ సిఫార్సులతో 2001లో ‘ఐటీ ఎట్ స్కూల్’ ప్రాజెక్టుగా మొదలై, 2017లో ప్రభుత్వ కంపెనీగా మారింది.

2018లో ప్రారంభమైన హైటెక్ స్కూల్ పథకం కింద 8 నుంచి 12వ తరగతి వరకు దాదాపు 45,000 తరగతి గదులకు ల్యాప్‌టాప్‌లు, ప్రొజెక్టర్లు చేరాయి. అయితే సామాను కొని బడికి పంపడం ఏ ప్రభుత్వానికైనా సాధ్యమే. కైట్‌ను నిజంగా నిలబెట్టింది మాస్టర్ ట్రైనర్ల వ్యవస్థ. వీళ్లు బయటి కంపెనీల మనుషులు కారు, డిప్యుటేషన్‌పై వచ్చిన బడిపంతుళ్లే. పిల్లలు ఏ లెక్క దగ్గర తడబడతారో వీళ్లకు ముందే తెలుసు. ఉదాహరణకు, జియోజీబ్రా అనే గణిత సాఫ్ట్‌వేర్‌లో త్రిభుజం గీసి ఒక మూలను మౌస్‌తో అటూ ఇటూ లాగితే కోణాలు మారిపోతుంటాయి, మొత్తం మాత్రం 180 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నల్లబల్ల మీద పది బొమ్మలు గీసినా ఇంత తేటగా చూపలేం. ఎక్కడ లాగాలో, ఎప్పుడు ఆపి పిల్లల్ని అడగాలో తోటి ఉపాధ్యాయుడే నేర్పగలడు. దీనికితోడు ప్రతి బడిలోనూ ఒక టీచరు ఐటీ సమన్వయ బాధ్యత చూస్తారు.

సాఫ్ట్‌వేర్ విషయంలో కేరళ తీసుకున్న నిర్ణయం ఇతర రాష్ట్రాలు శ్రద్ధగా చూడాల్సినది. లైసెన్సు రుసుము లేని లినక్స్‌ను తమ పాఠ్యాంశాలకు తగ్గట్టు మలచుకున్నారు. దాన్ని టీచర్లు ఇంటి కంప్యూటర్లో కూడా ఉచితంగా వేసుకోవచ్చు.

సంస్థ నడిపే విక్టర్స్ చానెల్‌ను 2005 జులై 28న రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. దాని ప్రసారాలకు అప్పట్లో ఆధారమైన ఎడ్యుశాట్ ఉపగ్రహం అంతకుముందు ఏడాది శ్రీహరికోట నుంచి నింగికెగిసింది. కరోనాతో బడులు మూతపడినప్పుడు 2020 జూన్ 1 నుంచి ‘ఫస్ట్ బెల్’ పాఠాలు ఈ చానెల్లోనే వచ్చాయి. టీవీ లేని ఇళ్ల పిల్లల కోసం గ్రంథాలయాల వంటి చోట్ల ఉమ్మడి ఏర్పాట్లు చేయాల్సి వచ్చింది.

2018లోనే ఉన్నత పాఠశాలల్లో ‘లిటిల్ కైట్స్’ క్లబ్బులు మొదలయ్యాయి. వీటిలో పిల్లలు యానిమేషన్, మలయాళం టైపింగ్, ఎలక్ట్రానిక్స్, సైబర్ భద్రత నేర్చుకుంటారు, బడిలోని పరికరాల బాగోగులు చూడటంలో టీచర్లకు సాయపడతారు. 2024లో ఉపాధ్యాయులకు కృత్రిమ మేధపై శిక్షణ ప్రారంభమైంది.