కోలారు గనులలో స్వర్ణగ్రహణ పద్ధతుల పరిణామము

కర్ణాటక రాష్ట్రపు తూర్పు అంచున, చిత్తూరు మండలమును ఆనుకొనియున్న కోలారు మండలము చరిత్రకారులకు గంగరాజుల కువలాలపురముగా సుపరిచితము. లోకమునకు మాత్రము అది బంగారు గనుల సీమ. కన్నడము రాజభాషగా నున్నను ముళబాగిలు, శ్రీనివాసపురము, బంగారుపేట తాలూకాల పల్లెలలో తెలుగు ఇంటిభాషగా నిలిచిన సీమయు నిదియే. గనులకు చేరిన శ్రామికులలో అధికసంఖ్యాకులు ఉత్తరార్కాటు మండలమునుండి వచ్చిన తమిళులు. 1911లో చిత్తూరు మండలము ఏర్పడువరకు చిత్తూరు, చంద్రగిరి ప్రాంతములును ఆ ఉత్తరార్కాటులోనివే. ఆ వలసలో తెలుగువారును పాలుపంచుకొనిరి.

ఈ గనుల చరిత్రను వ్రాసినవారు సాధారణముగా కంపెనీల లాభనష్టములను, దొరల పేరులను, ఎత్తిన బంగారపు తూకమును పేర్కొందురు. రాతినుండి బంగారమును వేరుచేయు పద్ధతులు ఒకదాని వెంట నొకటి ఎట్లు వచ్చినవి, ఒక్కొక్క పద్ధతి దేనిని గ్రహించి దేనిని విడిచిపెట్టినది అను ప్రశ్న అంతగా చర్చింపబడలేదు. గని యొక్క ఆయువును నిర్ణయించినది నేలలోని బంగారము మాత్రమే కాదు. దానిని గ్రహింపగల ఉపాయము, ఆ ఉపాయమునకగు వ్యయము, ఆ వ్యయమును భరించిన మనుష్యులును. ఈ దృష్టితో చూచినప్పుడు కోలారు చరిత్ర కొంత వేరుగా కనబడును.

కోలారు స్వర్ణక్షేత్రము ఉత్తర దక్షిణములుగా సుమారు 80 కిలోమీటర్లు సాగిన సన్నని నల్లరాతి పట్టెలో నున్నది. అందలి పలుగురాతి సిరలలో బంగారము అణుమాత్రముగా ఇమిడియుండును. పనులు ఆరంభమైన తొలినాళ్ళలో టన్ను రాతికి సుమారు 45 గ్రాముల వరకు లభించినట్లు చెప్పుదురు. అనగా మిక్కిలి సంపన్నమైన కాలమునందును బండెడు రాతిలో బంగారము చిటికెడే. మిగిలినదంతయు పారవేయవలసిన పదార్థము. కావున స్వర్ణగ్రహణమనగా ప్రధానముగా రాతిని వదలించుకొను విద్య.

ఆ విద్య ఈ దేశమునకు క్రొత్తది కాదు. దక్షిణాపథమునందలి పాతగనులలో రాతిని మంటతో కాల్చి పగులగొట్టిన చిహ్నములు కనబడినవి. వీనిని గూర్చి బ్రిటిషు పురాతత్త్వవేత్త ఆల్చిన్ 1962లో విపులముగా చర్చించెను. శ్రీరంగపట్టణము 1799లో పతనమైన పిమ్మట మైసూరు రాజ్యపు తూర్పు ఎల్లలను కొలుచుటకు నియుక్తుడైన లెఫ్టినెంట్ జాన్ వారన్ 1802లో ఈ ప్రాంతమునకు వచ్చి, ఊరిగాము, మారికుప్పము పరిసరములలో పల్లెజనులు బంగారము తీయుటను స్వయముగా పరిశీలించెను. పురుషులు గుంతలలో దిగి రాళ్ళు కొట్టి బుట్టలలో చేతిమీదుగా పైకందించెడివారు. స్త్రీలు వానిని బండపై పొడిగా దంచి నీటిలో గాలించెడివారు. బియ్యములోని రాళ్ళను గాలించు నేర్పే ఇచటను. భేదమొక్కటే. అచట రాయి అడుగున మిగులును, దానిని పారవేయుదురు. ఇచట అడుగున మిగిలినదే ధనము. ఆ శ్రామికులు సమాజమున అట్టడుగున నుంచబడిన కులములవారు. వారి పేరులు ఏ నివేదికయందును నిలువలేదు.

ఈ పద్ధతికి రెండు హద్దులుండెను. గుంతలోనికి నీరు ఊరినచో దానిని తోడివేయు సాధనము లేదు. కంటికి కనబడనంత సన్నని బంగారము నీటితో కొట్టుకొనిపోవును. తరువాత వచ్చిన ప్రతి పద్ధతియు ఈ రెండు హద్దులను జరుపుటకు చేసిన యత్నమే.

వారన్ వ్రాతను చదివిన మైఖేల్ ఫిట్జ్‌జెరాల్డ్ లవేల్ అను ఐరిషువాడు 1873లో మైసూరు ప్రభుత్వమునకు దరఖాస్తు పెట్టి, 1875లో ఇరువదియేండ్ల అనుమతి పొందెను. ఊరిగాము చెంత బావి త్రవ్వించెను గాని పెట్టుబడి చాలక, తన హక్కును మేజర్ జనరల్ బెరస్ఫర్డు మొదలగువారికి అప్పగించెను. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ప్రవేశించినది. అయినను కొన్నియేండ్లు ఫలితము శూన్యము. మూలధనము హరించుచుండగా కంపెనీని మూసివేయుటయే మేలని పలువురు వాటాదారులు తలచిరి. అట్టి స్థితిలో మైసూరు గని అధికారియైన కెప్టెన్ ప్లమ్మర్ పూర్వుల పాతగుంతల క్రిందుగా బావిని దింపి చాంపియన్ సిరను అందుకొనెను. ఇచట గమనింపదగిన విషయమొకటి కలదు. అజ్ఞాతులైన ప్రాచీనులు విడిచిన గుంతలే దారి చూపినవి. వారు ఆగినచోట బంగారము ముగియలేదు. వారి ఉపాయము ముగిసినది.

పైకి వచ్చిన రాతిని పొడిచేయుటకు రోకళ్ళవలె లేచి పడు ఇనుప స్టాంపుల మిల్లులు వెలసినవి. పొడిని నీటితో కలిపి పాదరసము పూసిన రాగిరేకులపై పారించెడివారు. పాదరసము బంగారమును పట్టుకొనును. ఆ ముద్దను వేడిచేసినచో పాదరసము ఆవిరియై బంగారము మిగులును. అయితే మిక్కిలి సన్నని బంగారము, ఇతర ఖనిజములలో ఇమిడిన బంగారము రేకులపై నిలువక బురదతో బయటికి పోయెడిది. 1887లో స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున మాక్‌ఆర్థర్, ఫారెస్టు సోదరులు సయనైడు పద్ధతిని కనిపెట్టిరి. పలుచని సయనైడు ద్రావణము గాలిలోని ప్రాణవాయువు సాయమున బంగారమును కరగించును. పిదప ఆ ద్రావణములో తుత్తునాగమును వేసినచో బంగారము విడివడును. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశకమున ఈ పద్ధతి కోలారునకు వచ్చినది. నిన్న చెత్తయని పారబోసిన బురద నేడు ముడిఖనిజమాయెను. చెత్త, ఖనిజము అను పేరులు పదార్థమునకు స్వతస్సిద్ధములు కావనియు, వానిని నిర్ణయించునది పద్ధతియేననియు కోలారు దిబ్బలు స్పష్టము చేసినవి.

ఈ పరిణామమునకు శక్తియు నీరును కావలసివచ్చెను. 1894లో బౌరింగుపేటనుండి, అనగా నేటి బంగారుపేటనుండి, మారికుప్పమునకు రైలుదారి పడినది. ఆవిరియంత్రములకు కట్టెలు, బొగ్గు చాలని స్థితిలో, 1902లో కావేరిపై శివసముద్రము జలపాతమునుండి 92 మైళ్ళ దూరము తీగలపై విద్యుత్తు గనులకు చేరినది. అంతదూరము విద్యుత్తును కొనిపోవుట ఆనాటి ప్రపంచముననే అరుదైన సాహసము. పాలారుపై బేతమంగళ చెరువునుండి నీరు వచ్చినది.

లోతు పెరిగినకొలది మొదటి హద్దు క్రొత్త రూపమున ఎదురయ్యెను. చాంపియన్ రీఫ్ గని తుదకు మూడు కిలోమీటర్లకు మించి దిగినది. అచటి రాతి వేడి 65 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమునకు చేరినది. గాలిని యంత్రములచే చల్లార్చి లోనికి పంపనిదే మనుష్యుడు నిలువలేడు. అంతకంటె భయంకరమైనది రాతిపేలుడు. సిరను తొలగించినచోట పైరాతి భారము మిగిలిన స్తంభములపైకి మరలును. గట్టియు పెళుసునైన ఆ రాయి భారమును తాళజాలక ఫిరంగివలె పగులును. 1898లోనే ఊరిగాము గనిలో అట్టి పేలుడు నమోదైనది. దీనికి విరుగుడుగా ఖాళీలను నల్లసేనపు రాతిగోడలతో, తరువాత కాంక్రీటుతో నింపుచు వచ్చిరి. సిరను ఏ వరుసలో తీయవలెనో శాస్త్రీయముగా నిర్ణయించుట నేర్చిరి. భూకంపలేఖినులను అమర్చి రాతి కదలికలను వినిరి. 1988లో జాతీయ శిలాయాంత్రికశాస్త్ర సంస్థ ఈ పట్టణమునందే స్థాపింపబడినది. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో సుమారు 7,500 అడుగుల లోతున భారత, జపాను, బ్రిటిషు శాస్త్రజ్ఞులు వాయుమండలమునందు జనించిన న్యూట్రినోల జాడను కనుగొనిరి. బంగారముకొరకు త్రవ్విన లోతు విజ్ఞానమునకును ఉపకరించినది.

అయినను ఈ ప్రగతి లెక్కలో చేరని వ్యయమొకటి కలదు. పలుగురాతి ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ వ్యాధిని కలిగించును. 1947లో ప్రకటితమైన వైద్యపరిశీలనలో, పరీక్షింపబడిన కోలారు కార్మికులలో నూటికి నలువదిమందికి మించి ఈ వ్యాధి కనబడినది. టన్నుకు ఇన్ని గ్రాములని బంగారమును లెక్కించిన గ్రంథములలో గ్రామునకు ఎంత శ్వాస వ్యయమైనదో తెలుపు పట్టిక లేదు.

1956లో గనులు మైసూరు ప్రభుత్వపరమైనవి. 1962లో కేంద్రప్రభుత్వమునకు మారినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడినది. అప్పటికే ఖనిజము పలుచబడినది. తుదిదశలో టన్నుకు మూడు గ్రాముల ప్రాంతమునకు దిగినది. 2001 ఫిబ్రవరి చివర గనులు మూతపడినవి. సుమారు 120 సంవత్సరములలో 800 టన్నుల బంగారము వెలికివచ్చినది. పంపులు ఆగుటతో గుహలు నీటితో నిండినవి. వారన్ కాలపు గుంతలను ఆపిన నీరే తుదకు మూడు కిలోమీటర్ల బావులను ఆక్రమించినది.

భూమిపై మిగిలినవి సయనైడు దిబ్బలు. మూడు కోట్ల టన్నులకు మించిన ఆ బూడిదరంగు ఇసుకలో ఇంకను కొంత బంగారము కలదు. మూసివేతకు పూర్వమే కొన్ని దిబ్బలను తిరిగి శుద్ధిచేసిరి. ఇటీవల వానిని వేలము వేయు యోచన ప్రభుత్వముల ముందునకు వచ్చినది. భూగర్భమునందలి చిక్కని నూనె విషయమునను ఇట్టి చరిత్రయే కనబడును. స్వభావసిద్ధమైన ఒత్తిడి పైకి తెచ్చునది కొంతయే. మిగిలినదానికై నీటిని, ఆవిరిని పంపుదురు. గుజరాతునందలి మెహసాణా ప్రాంతమున బాలోల్, సాంతాల్ క్షేత్రములలో 1990లలో భూగర్భముననే మంట రగిల్చి, ఆ వేడిచే నూనెను పలుచన చేసి తీసిరి. ప్రాచీనులు రాతిని పగులగొట్టుటకు వాడిన నిప్పే వేరొక పనికి భూమిలోనికి దిగినది. వదలినదానిని మరల గ్రహించుట అన్ని ఖనిజవృత్తులకును సామాన్యధర్మము.

కోలారు పట్టె యొక్క దక్షిణభాగము చిత్తూరు మండలమున ప్రవేశించి చిగురుగుంట, బిసానత్తము గనులుగా పరిణమించినది. నాటి అనంతపురము మండలమందలి రామగిరిలోను బంగారము తీసిరి. ఈ గనులును కోలారు గనులతో పాటే మూతపడినవి. ధర పెరిగినప్పుడు, పద్ధతి మారినప్పుడు ఇట్టి గనులను మరల తెరువవలెనను మాట వచ్చుట సహజము. అట్టి నిర్ణయము చేయువారు బంగారము ఎంత మిగిలినదని మాత్రమే ప్రశ్నించినచో కోలారు నేర్పిన పాఠములో సగమే గ్రహించినవారగుదురు. గాలికాలమున దిబ్బలనుండి లేచి రాబర్ట్‌సన్‌పేట, మారికుప్పము వీధులలో పడు ధూళియు ఆ లెక్కలోనిదే. ఆ దిబ్బలను కదలించువారు ధూళిని అణచు ఏర్పాటును, చుట్టుపట్ల జనుల ఆరోగ్యమును ముందుగా వ్యయములో చేర్చవలెను.

పరిశోధకులకును ఇచట కర్తవ్యము కలదు. యంత్రముల చరిత్ర నివేదికలలో భద్రముగా నున్నది. రాతి చప్పుడును విని ప్రమాదమును పసిగట్టిన శ్రామికుల అనుభవజ్ఞానము, తెలుగు తమిళ కన్నడములు కలిసి గనిలో ఏర్పడిన వృత్తిపదములు మాత్రము వృద్ధుల నోటనే యున్నవి. కడపటి తరము గడచిపోకముందే వానిని సేకరించుట ఆవశ్యకము. 1802లో గాలించిన స్త్రీల పేరులు చరిత్రకు దక్కలేదు. 2001లో గని వెడలి వచ్చినవారి విషయమున ఆ లోపము పునరావృతము కారాదు.