తలుపు పిడి తిప్పిన శవం: 'ది వాకింగ్ డెడ్' తొలి సీజన్‌తో అభిమానుల తగవు

2010 అక్టోబర్ 31, హాలోవీన్ రాత్రి, అమెరికాలో ఏఎంసీ ఛానల్ 'ది వాకింగ్ డెడ్' తొలి భాగాన్ని ప్రసారం చేసింది. సుమారు 53 లక్షల మంది చూశారు. అప్పటివరకు ఆ ఛానల్ సొంత సీరియల్ దేనికీ అంతమంది రాలేదు. రెండు భాగాలు వచ్చాయో లేదో, నవంబర్ 8న 13 భాగాల రెండో సీజన్‌ను ప్రకటించారు. డిసెంబర్ 5న ఆరో భాగంతో తొలి సీజన్ ముగిసేనాటికి ప్రేక్షకులు దాదాపు 60 లక్షలకు చేరారు. ఇంత ఆదరణ ఉన్న ఆ ఆరు వారాల్లోనే అభిమానులు ఈ సీరియల్‌తో గట్టిగా తగవు పెట్టుకున్నారు. ఏ విషయాల మీద పెట్టుకున్నారు, నిర్మాతలు వాటిలో దేనికి బదులిచ్చారు, దేనిని దాటవేశారు అన్నదే ఈ వ్యాసం పరిశీలించే అంశం.

అభిమాని అంటే చప్పట్లు కొట్టేవాడన్న అభిప్రాయం ఇంకా మన విమర్శలో బలంగానే ఉంది. హెన్రీ జెంకిన్స్ 1992లో వెలువరించిన 'టెక్స్చువల్ పోచర్స్' ఈ అభిప్రాయాన్ని ప్రశ్నించింది. రచన మీద మోజు, ఆ రచన తమను తృప్తిపరచడం లేదన్న చిరాకు, ఈ రెండూ కలిస్తేనే అభిమానం పుడుతుందని, మోజు ఒక్కటే ఉన్నవాడు ఊరికే చూసి వెళ్లిపోతాడని జెంకిన్స్ వాదన సారాంశం. 'ది వాకింగ్ డెడ్' తొలి సీజన్ ఈ వాదనకు మంచి ఉదాహరణ. అయితే అభిమానుల చిరాకంతటినీ ఒకే గాటన కట్టలేం. కథలోని లోకం తన నియమాలను తానే తప్పినందుకు వచ్చిన చిరాకు ఒకటి. పాత్రలను తూచడంలో ప్రేక్షకుడు తన సొంత లోకం నుంచి మోసుకొచ్చిన తూకపురాళ్ల వల్ల వచ్చినది మరొకటి. మొదటిది ఈ సీరియల్‌కు మేలు చేసింది. రెండోదాని గురించి అంత ధైర్యంగా చెప్పలేను.

కథా నేపథ్యం క్లుప్తంగా: జార్జియా రాష్ట్రంలో పోలీసు ఉద్యోగి రిక్ గ్రైమ్స్ తుపాకి గాయంతో కోమాలోకి వెళ్లి, కళ్లు తెరిచేసరికి లోకం లేచి నడిచే శవాల (జాంబీల) పాలై ఉంటుంది. భార్య లోరీని, కొడుకు కార్ల్‌ను వెతుక్కుంటూ అట్లాంటాకు వెళతాడు. అతను చనిపోయాడని నమ్మిన లోరీ, అతని ప్రాణస్నేహితుడు షేన్‌కు అప్పటికే దగ్గరై ఉంటుంది. రాబర్ట్ కిర్క్‌మన్ రచనతో 2003 అక్టోబర్‌లో మొదలైన నలుపు తెలుపు కామిక్ దీనికి మూలం. తొలి ఆరు సంచికలకు టోనీ మూర్, తర్వాతి వాటికి చార్లీ అడ్లార్డ్ బొమ్మలు వేశారు. దాన్ని టీవీకి తెచ్చినవాడు 'ది షాషాంక్ రిడెంప్షన్' దర్శకుడు ఫ్రాంక్ డారబాంట్.

కాబట్టి తొలి రాత్రే టీవీ ముందు రెండు రకాల ప్రేక్షకులు కూర్చున్నారు: ఏడేళ్లుగా కామిక్ చదువుతున్నవారు, దాని పేరే విననివారు. అనుసరణను మూలం తెలిసిన ప్రేక్షకుడు ఒకలా, తెలియని ప్రేక్షకుడు మరొకలా అనుభవిస్తాడని లిండా హచియన్ 'ఎ థియరీ ఆఫ్ అడాప్టేషన్' (2006)లో విడమరిచి చెప్పారు. మన పద్యనాటకాలు చూసిన వారికి ఇది కొత్త సంగతి కాదు. కృష్ణరాయబారం విఫలమవుతుందని పందిట్లో ఉన్న ప్రతివాడికీ తెలుసు. అయినా ఈ రాత్రి కృష్ణుడు ఆ పద్యాన్ని ఎలా ఎత్తుకుంటాడా అని తెల్లవార్లూ కూర్చుంటారు. కథ అందరికీ తెలిసినప్పుడు ఉత్కంఠ చెప్పే తీరులో ఉంటుంది. సగం మందికే తెలిసినప్పుడు ఆ సగం మంది దగ్గర ఒక రహస్యం ఉంటుంది, దానితోపాటు ఒక అహంకారమూ ఉంటుంది. డారబాంట్ బృందం సరిగ్గా ఆ అహంకారాన్నే గురిచూసి కొట్టింది.

కామిక్‌లో షేన్ ఆరో సంచికలోనే చనిపోతాడు. అడవిలో రిక్ మీదికి తుపాకి ఎత్తినప్పుడు, పసివాడైన కార్ల్ అతన్ని కాలుస్తాడు. టీవీలో ఐదో భాగం 'వైల్డ్‌ఫైర్'లో షేన్ అదే విధంగా అడవిలో చెట్ల మధ్య నిలబడి రిక్‌కు గురిపెడతాడు. కామిక్ చదివినవారు ఊపిరి బిగబట్టే క్షణం అది. గుండు మాత్రం పేలదు. షేన్ తుపాకి దించుతాడు, వెనక నిలబడి చూస్తున్న బృంద సభ్యుడు డేల్ కంటపడతాడు, కథ ముందుకు పోతుంది. మూలం తెలియనివాడికి అది ఒక ఉద్రిక్త సన్నివేశం మాత్రమే. తెలిసినవాడికి, తన జ్ఞానం ఇక్కడ చెల్లదని చెప్పే ప్రకటన. పాఠకుల్లో ఒక వర్గం దీన్ని మూలద్రోహమంది. మరో వర్గం, చదివిన కథలో మళ్లీ భయపడే అవకాశం దొరికిందని సంతోషించింది. నా తూకంలో రెండో వర్గం వాదనే బరువైనది. జాన్ బెర్న్‌థల్ నటనలో షేన్ కామిక్‌లోని పలుచని ప్రతినాయకుడు కాకుండా పోయాడు. రెండో సీజన్ దాదాపు చివరిదాకా బతికి, ఆ కథకు వెన్నెముక అయ్యాడు.

డారిల్ డిక్సన్ సంగతి ఇంకా విచిత్రం. కామిక్‌లో ఆ పాత్రే లేదు. మెర్ల్ అనే మరో పాత్ర కోసం వచ్చిన నటుడు నార్మన్ రీడస్ నచ్చి, అతనికోసం మెర్ల్ తమ్ముడిగా డారిల్‌ను సృష్టించారు. మూడో భాగంలో అడుగుపెట్టిన ఈ మొరటు వేటగాడు కొన్నేళ్లలో అందరికంటే ప్రియమైన పాత్ర అయ్యాడు. అతను చస్తే అల్లర్లే అన్న నినాదం అభిమానుల టీషర్టుల మీదికెక్కింది. 2023లో అతని పేరుతోనే వేరే సీరియల్ వచ్చింది. మూలానికి కట్టుబడి ఉండాలని పట్టుబట్టిన అభిమాన సమూహమే మూలంలో లేనివాణ్ని నెత్తిన పెట్టుకుందంటే, వారు అడిగిన విధేయత సంఘటనల పట్ల కాదని, లోకపు స్వభావం పట్ల అని అర్థం చేసుకోవాలి.

ఆ లోకపు స్వభావం దగ్గరే అసలు తగవు. జార్జ్ రొమేరో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' (1968) నుంచి జాంబీకి ఒక అలిఖిత శాస్త్రం ఏర్పడింది: నెమ్మదిగా నడుస్తుంది, ఆలోచించదు, మెదడు ఛిద్రమైతేనే పడుతుంది. 2004లో వచ్చిన 'డాన్ ఆఫ్ ది డెడ్' పునర్నిర్మాణంలో శవాలు పరిగెత్తినప్పుడు పెద్ద వాదమే నడిచింది. కిర్క్‌మన్ కామిక్ నెమ్మది శవాల పక్షం. అయితే టీవీ తొలి భాగం తొలి సన్నివేశంలోనే శవమైన చిన్నపిల్ల వంగి తన బొమ్మను తీసుకుంటుంది. ఆ తర్వాత, రిక్‌కు ఆశ్రయమిచ్చిన మోర్గన్ అనే వ్యక్తి భార్య, చనిపోయి లేచిన మనిషి, వారు తలదాచుకున్న ఇంటి గుమ్మం ముందుకొచ్చి తలుపు పిడి తిప్పుతుంది. రెండో భాగం 'గట్స్'లో ఒక శవం రాయి పట్టుకుని దుకాణం అద్దాన్ని మోదుతుంది. మరికొన్ని కంచె ఎక్కుతాయి. ఇవి శవాలా, పనిముట్లు వాడే జంతువులా? వీటికి జ్ఞాపకం ఉందా? ఉంటే, తలలు పగలగొట్టడం హత్య కాదా?

చివరి ప్రశ్న దగ్గర ఆగాలి. పొరపాట్లు ఏరడం అభిమానుల కాలక్షేపమని కొట్టిపారేసేవారు ఈ ప్రశ్న బరువును గమనించలేదు. మోర్గన్ మేడమీది కిటికీలో తుపాకి పట్టుకుని భార్య ముఖానికి గురిపెడతాడు, కాల్చలేకపోతాడు. తొలి సీజన్‌లో ఎక్కువమంది గుండెల్లో మిగిలిన సన్నివేశం అదేనని నా నమ్మకం. దాని బలమంతా పిడి తిప్పిన ఆ చేతిలోనే ఉంది. ఆమె ఇంటిని గుర్తుపట్టి వచ్చిందేమో అన్న అనుమానం లేకపోతే, మోర్గన్ చేతులు వణకడానికి సగం కారణం పోతుంది. అంటే ఆ పిడిని పట్టించుకున్న అభిమాని నాటకం గుండెకాయనే పట్టుకున్నాడు. రచయితల బృందమే దాన్ని వదిలేసింది. రెండో సీజన్ నుంచి శవాలు మెట్లు, గడియలు, పనిముట్లు అన్నీ మరిచిపోయాయి. ఎందుకో చెప్పినవారు లేరు. 2011 జూలైలో డారబాంట్ సీరియల్ నుంచి వైదొలగడంతో, తొలి సీజన్ పోకడలు అతనివి, తర్వాతివి మరొకరివి అన్న వివరణే అభిమానులకు మిగిలింది.

ఈ మౌనం చాలా ఏళ్లు సాగింది. 2022లో, పదకొండో సీజన్ చివరి భాగాల్లో, గోడ ఎక్కే శవాలు, తలుపులు తెరిచే శవాలు మళ్లీ కనిపించాయి. అలాంటివి ఉన్నాయని కథలు విన్నాననీ, అవి నిజమో కాదో ఇన్నాళ్లూ తెలియలేదనీ ఆరన్ అనే పాత్ర చేత చెప్పించారు. అభిమానుల పన్నెండేళ్ల చర్చను కథలోపలి వదంతిగా మార్చి స్వీకరించారన్నమాట. టీవీ చరిత్రలో ఒక ఫిర్యాదుకు ఇంత ఆలస్యంగా, ఇంత గౌరవంగా సమాధానం దొరకడం అరుదు.

ఆరో భాగం 'టీఎస్-19' మీద వచ్చిన స్పందన మరో రకం. రిక్ బృందం అట్లాంటాలోని వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీకి చేరుతుంది. కామిక్‌లో ఈ ప్రయాణం లేదు. అక్కడ ఒంటరిగా మిగిలిన శాస్త్రవేత్త జెన్నర్, మెదడు ఎలా ఆరిపోయి ఎలా తిరిగి వెలుగుతుందో తెర మీద చూపిస్తాడు. చివరికి భవనం పేలిపోతుంది. రోగానికి కారణం ఎన్నడూ చెప్పకపోవడమే కామిక్ బలమని నమ్మినవారికి ఇది నచ్చలేదు. రహస్యాన్ని అంత తొందరగా తాకి ఉండాల్సింది కాదని కిర్క్‌మన్ కూడా తర్వాతి కాలంలో బహిరంగంగా ఒప్పుకున్నాడు. అయితే ఆ భాగమే అభిమానులకు ఏడాదిపైగా మేత వేసింది. విడిపోయే ముందు జెన్నర్ రిక్ చెవిలో ఏదో చెబుతాడు, ప్రేక్షకుడికి వినపడదు. అతను అందరి రక్తం పరీక్షించాడు గనక లోరీ గర్భవతి అని చెప్పి ఉంటాడని కొందరు ఊహించారు. కామిక్ చదివినవారు మాత్రం, కాటుతో పనిలేకుండా ప్రతి మనిషిలోనూ ఆ రోగం అప్పటికే ఉందన్న సంగతే అయ్యుంటుందన్నారు. 2012 మార్చి 18న, రెండో సీజన్ చివరి భాగంలో, రిక్ నోట వచ్చిన మాట అదే. షేన్ విషయంలో చెల్లకుండా పోయిన పాఠకుల జ్ఞానం ఇక్కడ చెల్లింది. ఫ్రెంచ్ తత్వవేత్త పియరీ లెవీ సమష్టి మేధ అన్నదానికి ఇదొక చక్కని నమూనా: ఒకరు రక్తపరీక్షను గమనిస్తారు, ఒకరు పాత సంచికను గుర్తుచేస్తారు, మరొకరు జెన్నర్ ముఖకవళికలను చదువుతారు.

జాంబీల మాట టీవీ దాటి నిజమైన సీడీసీ గడపదాకా వెళ్లింది. 2011 మే నెలలో ఆ సంస్థ జాంబీల విపత్తుకు సిద్ధపడడం ఎలాగో వివరిస్తూ తన బ్లాగులో ఒక వ్యాసం పెట్టింది. నిల్వ నీరు, మందులు, కుటుంబసభ్యులు కలుసుకునే చోటు లాంటి సలహాలే అవన్నీ. తుపానుకైనా భూకంపానికైనా పనికొచ్చేవే. చదవడానికి జనం ఎగబడడంతో సర్వర్ ఆగిపోయింది.

ఇక రెండో రకం చిరాకు. మూడో భాగం 'టెల్ ఇట్ టు ది ఫ్రాగ్స్'లో క్వారీ చెరువు ఒడ్డున నలుగురు స్త్రీలు బట్టలు ఉతుకుతుంటారు. ఈ పనంతా ఆడవాళ్ల మీద ఎందుకు పడిందని నల్లజాతి స్త్రీ జాకీ, నటి హాటీ మెక్‌డానియెల్ పేరెత్తి మరీ అడుగుతుంది. ఆ పేరు అట్లాంటాలో ఊరికే రాదు. 'గాన్ విత్ ది విండ్'లో దాసి పాత్రకు ఆస్కార్ పొందిన మెక్‌డానియెల్, ఆ చిత్రం 1939 డిసెంబర్‌లో అట్లాంటాలోనే తొలిసారి ప్రదర్శితమైనప్పుడు జాతి వివక్ష చట్టాల వల్ల హాజరు కాలేకపోయింది. ప్రశ్న అంత పదునైనది. లోకం కూలినా పనివిభజన ఎందుకు కూలలేదన్నది ఈ కథ అడగగలిగిన అతిపెద్ద ప్రశ్న. అడిగి, జవాబు వెతక్కుండా రచయితలు ముందుకెళ్లారు. కొందరు విమర్శకులు, అభిమానులు దాన్ని పట్టుకున్నారు. కానీ అభిమానుల తగవులో సింహభాగం అక్కడికి చేరలేదు. అది లోరీ మీద పడింది. భర్త చనిపోయాడని నమ్మి మరొకరిని ఆశ్రయించిన స్త్రీని నానా మాటలన్నారు. భర్త చనిపోయాడని ఆమెకు చెప్పింది షేన్. సీడీసీలో తాగిన మైకంలో ఆమెను బలాత్కరించబోయింది కూడా అతనే. షేన్‌ను సంక్లిష్టమైన మనిషిగా అర్థం చేసుకోవడానికి దొరికిన ఓపిక లోరీకి దొరకలేదు. శవాలకు నియమం ఒకటే ఉండాలని అంత నిక్కచ్చిగా అడిగిన సమూహం, బతికినవారికి రెండు నియమాలు వాడింది. షేన్‌కు అంత లోతు ఇచ్చిన రచయితలు లోరీకి అంత ఇవ్వలేదన్న మాట నిజమే. అయితే మోర్గన్ భార్యకు ఒక్క మాటైనా లేకపోయినా, ఒక చేతి కదలికతోనే ఆమె లోపలి మనిషిని ఊహించిన ప్రేక్షకులు వీరే. ఊహించే శక్తి లేక కాదు.

టీ-డాగ్ గురించి అభిమానులు అడిగినది ఇందుకు భిన్నం, న్యాయమైనది. ఐరనీ సింగిల్టన్ పోషించిన ఈ నల్లజాతి యువకుడికి మాటలే లేవని, కథ లేదని తొలి సీజన్ నుంచే గొణుగుడు ఉంది. మెర్ల్ అతన్ని జాతి పేరుతో తిట్టి కొడతాడు. రిక్ మెర్ల్‌కు వేసిన సంకెళ్ల తాళంచెవి టీ-డాగ్ చేతిలోంచి జారిపోతుంది, మెర్ల్ అక్కడే చిక్కుకుపోతాడు. ఆ అపరాధభావం నుంచి గొప్ప పాత్ర పుట్టి ఉండవచ్చు. పుట్టలేదు. 2012 నవంబర్ 4న ప్రసారమైన మూడో సీజన్ నాలుగో భాగంలో లోరీ, టీ-డాగ్ ఇద్దరూ చనిపోయారు. లోరీ ప్రసవ మరణం ఆమెను తిట్టినవారిలోనూ చాలామందిని ఏడిపించింది. టీ-డాగ్ బృందంలోని కరోల్‌ను కాపాడడానికి శవాల గుంపుకు ఎదురెళ్లాడు. అతని గతం ఏమిటో అప్పటికీ ఎవరూ రాయలేదు.