మందుల బజారులో వినియోగదారుడు

ఉత్తర ఢిల్లీలోని ముఖర్జీ నగర్ పేరు చెప్పగానే సివిల్ సర్వీసుల కోచింగ్ సెంటర్లు గుర్తుకు వస్తాయి. దేశం నలుమూలల నుంచి, ముఖ్యంగా హిందీ రాష్ట్రాల నుంచి వచ్చిన యువతీయువకులు అక్కడి ఇరుకు గదుల్లో ఏళ్ల తరబడి చదువుకుంటారు. జ్వరం వస్తే చిన్నప్పటి నుంచి ఎరిగిన డాక్టరు ఉండడు, కషాయం కాచి ఇచ్చే నాయనమ్మా ఉండదు. ఉన్నవల్లా వీధి మలుపులో మందుల షాపు, రక్తం తీసుకునే కలెక్షన్ సెంటరు, చేతిలో ఫోను. వైద్యాన్ని దగ్గరలో, త్వరగా, ధర చూసుకుని కొనుక్కునే ఈ పద్ధతినే రిటైల్ వైద్యం అంటున్నారు. ఇది ఎలా పెరిగింది? కొనేవారికి ఇందులో నిజంగా దక్కినదేమిటి? ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ముఖర్జీ నగర్‌కు పొరుగునే ఉన్న కింగ్స్‌వే క్యాంప్‌లో 1935లో, ఐదవ జార్జి చక్రవర్తి రజతోత్సవం పేరిట ఒక క్షయ ఆసుపత్రి వెలసింది. రాజన్ బాబు ఆసుపత్రిగా అది నేటికీ పనిచేస్తోంది. 1947లో దేశ విభజన తరువాత శరణార్థుల కోసం పెద్ద శిబిరం ఏర్పడినదీ ఈ కింగ్స్‌వే క్యాంప్‌లోనే. ఆ రోజుల్లో వైద్యమంటే సర్కారు ఆసుపత్రి, లేదా వీధి డాక్టరు. డాక్టరు వద్ద కాంపౌండరు మందు కలిపి సీసాలో పోసి, ఎన్ని మోతాదులో తెలిసేలా గీతలు కత్తిరించిన కాగితం సీసాకు అంటించి ఇచ్చేవాడు. మీ ఇంట్లో పెద్దవారిని అడగండి, ఆ మందు రంగుతో సహా చెబుతారు! మందు ధర ఎంత, డాక్టరు ఫీజు ఎంత అని ఎవరూ విడదీసి చూసేవారు కారు.

ఈ రెండూ క్రమంగా విడిపోయాయి. రక్తపరీక్షలు ఒక ప్రత్యేక వ్యాపారం కావడానికి ఢిల్లీలోనే ఉదాహరణ ఉంది. 1949లో డాక్టర్ ఎస్.కె. లాల్ ప్రారంభించిన ల్యాబొరేటరీయే ఇప్పటి డాక్టర్ లాల్ పాథ్‌ల్యాబ్స్. ఇక మందుల విషయానికి వస్తే, ఢిల్లీని విడిచి హైదరాబాదు వైపు చూడాలి. మందు అంగడి సరుకు కావాలంటే ముందుగా అది చౌకగా, విరివిగా తయారు కావాలి కదా! 1961లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ హైదరాబాదులో పెద్ద కర్మాగారం నెలకొల్పింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక, దానిని తయారుచేసే ప్రక్రియకు మాత్రమే పేటెంటు ఇచ్చింది. అనగా, అప్పట్లో వేరే మార్గంలో అదే రసాయనాన్ని ఎవరైనా తయారుచేయగలిగేవారు. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఇటువంటి సంస్థల వలన ధరలు దిగాయి. అయితే ఒకే రసాయనానికి పదుల కొద్దీ బ్రాండు పేర్లు కూడా పుట్టుకొచ్చాయి.

తరువాత అమ్మకం తీరు మారింది. చిత్తూరు జిల్లాకు చెందిన డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి 1983లో చెన్నైలో అపోలో ఆసుపత్రిని ప్రారంభించారు. 1987లో అపోలో మందుల షాపులు మొదలయ్యాయి. 2006లో హైదరాబాదులో మెడ్‌ప్లస్ వచ్చింది. వెలుతురున్న షాపు, కంప్యూటర్ బిల్లు, గోడమీద తగ్గింపు బోర్డు సామాన్యమైనాయి.

ఈ తగ్గింపు గురించి కొంచెం లెక్క వేద్దాం. ధరల నియంత్రణ కింద ఉన్న మందులకు 2013 ఉత్తర్వు చిల్లర వర్తకునికి లెక్కగట్టిన లాభం 16 శాతం. మరి 20 శాతం తగ్గింపు బోర్డు ఎలా సాధ్యం? కంపెనీల నుంచి పెద్దమొత్తంలో నేరుగా కొనడం ఒక మార్గం. నియంత్రణ లేని మందులపైనా, సొంత బ్రాండు సరుకుపైనా ఎక్కువ లాభం తీయడం మరొకటి. తగ్గింపు చూసి వెళ్లడం తప్పేమీ కాదు, నేనూ వెళతాను. కానీ చీటీ మీద బ్రాండును ఎంచినది నేను కాదు, డాక్టరు. చెప్పుల షాపులో ఇలా జరగదు.

వైద్యం కొనేవాడికి తాను కొంటున్నది అవసరమో కాదో తెలియదని అమెరికన్ ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లోనే ఒక ప్రసిద్ధ వ్యాసంలో వివరించారు. ఆ దేశంలోనే 2000లో మినియాపొలిస్ ప్రాంతపు సూపర్ మార్కెట్లలో చిన్న క్లినిక్కులు తెరిచారు. ధరల పట్టిక బయటే ఉండేది. గొంతునొప్పి, చెవిపోటు వంటి కొద్ది జబ్బులకే పరిమితం, మిగిలినవారిని డాక్టరు దగ్గరకు పంపేవారు. ఆ హద్దు గమనించదగినది.

మన దేశంలో రోగికి వినియోగదారుని హోదా చట్టం ద్వారా వచ్చింది. వినియోగదారుల రక్షణ చట్టం మొదట 1986లో వచ్చింది. డబ్బు తీసుకుని చేసే వైద్యం దాని పరిధిలోకి వస్తుందని 1995లో, వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందరికీ ఉచితంగా వైద్యం చేసే చోటుకు అది వర్తించదని కూడా చెప్పింది. ఇక్కడ ఒక విచిత్రం చూడండి. ప్రైవేటు ల్యాబులో డబ్బు కట్టి కళ్లె పరీక్ష చేయించుకున్నవాడు వినియోగదారుడు. అందరికీ ఉచితంగా చేసే ఆసుపత్రిలో అదే పరీక్ష చేయించుకున్నవాడు కాడు.

ఇరుకు గదుల్లో క్షయ సులభంగా వ్యాపిస్తుంది. దగ్గుతున్న విద్యార్థి చదువు పోతుందని ఆసుపత్రికి వెళ్లడు, షాపులో అడిగి ఏదో యాంటీబయాటిక్ తీసుకుంటాడు. అది లీవోఫ్లాక్సాసిన్ అయితే ప్రమాదం. ఆ మందు క్షయ క్రిములను కూడా కొంత అణచివేస్తుంది. దగ్గు తగ్గినట్లే ఉంటుంది, జబ్బు బయటపడడం ఆలస్యమవుతుంది. ఈలోగా ఆ మందుకు లొంగని క్రిములు మిగిలిపోవచ్చు. మొండి క్షయకు వాడే ముఖ్యమైన మందుల్లో ఇదొకటి. మన చేతిలోని ఆయుధాన్ని మనమే మొద్దుబార్చుకుంటున్నామన్నమాట. పక్క మంచం మీద నిద్రించే మిత్రుడు ఈ కొనుగోలులో భాగస్వామి కాడు, ఫలితంలో మాత్రం అవుతాడు.

అందుకే 2014 మార్చి నుంచి 46 మందులను హెచ్-1 షెడ్యూలులో చేర్చారు. లీవోఫ్లాక్సాసిన్, క్షయ మందులు అందులో ఉన్నాయి. చీటీ లేనిదే వీటిని అమ్మరాదు. రోగి పేరు, డాక్టరు పేరు, అమ్మిన పరిమాణం విడిగా ఒక రిజిస్టరులో రాసి మూడేళ్లు భద్రపరచాలి. క్షయ మందులు అమ్మిన షాపు ఆ సమాచారం ప్రభుత్వానికి తెలపాలని 2018లో ఉత్తర్వు వచ్చింది. రెండు వారాలు దాటిన దగ్గుకు ప్రభుత్వ కేంద్రాల్లో కళ్లె పరీక్ష ఉచితం. 1935 నాటి ఆ ఆసుపత్రి ముఖర్జీ నగర్ నుంచి రిక్షా దూరంలోనే ఉంది.